కొండమీది లుస్త్ర

చోడవరం, మాడుగుల దాటాక ఘాట్ మొదలవుతుంది. అమ్మవారి పాదాల దగ్గర బస్సు నెమ్మదించగానే ముందు సీట్లలో ఉన్నవాళ్ళు మోదకొండమ్మకు చేతులెత్తి మొక్కారు. ఆ పైన మినుములూరు కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లను చుట్టుకుని పైకెక్కిన మిరియాల తీగలు. పాడేరులో బస్సు మారి, పెదబయలు మీదుగా ముంచింగిపుట్టు దారి పట్టాను. నవంబరు నెల కావడంతో వలిసెలు పూతకొచ్చాయి. పొద్దు బాగా ఎక్కినా మంచు విడవలేదు. ఆ మంచు కింద కొండవాలు పసుపు ఆరబోసినట్టుంది.

చేతిలో అపొస్తలుల కార్యములు ఉంది. ఈ దారిలో చదవడానికి పద్నాలుగో అధ్యాయాన్ని మించింది లేదని నా నమ్మకం. పౌలు, బర్నబాలు లుస్త్రకు వెళ్ళారు. ఇప్పటి టర్కీ దేశం నడుమ, సముద్రానికి దూరంగా ఎత్తయిన నేల మీద ఉన్న ఊరది. పుట్టుకతో కుంటివాడైన మనిషి లేచి నడిచాడు. జనం పొంగిపోయి, దేవతలే దిగివచ్చారని కేకలు వేశారు. బర్నబాను ద్యుపతి అన్నారు, పౌలును హెర్మే అన్నారు. బలికి ఎడ్లను, పూదండలను తెచ్చారు. ఆ కేకలన్నీ లుకయోనియ భాషలో. బోధించినవాళ్ళు మాట్లాడింది గ్రీకు. గ్రీకు రోమా సామ్రాజ్యమంతటా చెల్లే భాషే, కానీ ఆ జనం సంతోషం వచ్చినప్పుడు అరిచిన భాష అది కాదు. అందుకే జరుగుతున్నదేమిటో అపొస్తలులకు అర్థమయ్యేసరికి పూజారి వాకిట్లోకి వచ్చేశాడు.

ముంచింగిపుట్టు బస్టాండులో దిగి పావుగంట నిలబడితే లుస్త్ర కళ్ళకు కడుతుంది. టీ కొట్టు దగ్గర తెలుగు. పక్కనే గంప దించుకున్న ఆడవాళ్ళ మధ్య ఆదివాసీ ఒడియా. ఇంకో ఇద్దరు మాట్లాడుకుంటున్నది కువి. ఈ మండలంలో భగతలు, కొండదొరలు, పోర్జాలు, గదబలు, కోదులు, వాల్మీకులు, కోటియాలు ఇంకా అనేకులు ఉన్నారు. మాచ్‌ఖండ్ నది దాటితే ఒడిశా. గురువారం నాడు అవతల ఒనకఢిల్లీ సంతకు బోండా ఆడవాళ్ళు మెడనిండా పూసలతో దిగివస్తారు. జోలాపుట్టు జలాశయం, మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. 1955లో అక్కడ కరెంటు పుట్టింది. ఆ నీళ్ళ కింద పోయిన ఊళ్ళ సంగతి ఇప్పటికీ ముసలివాళ్ళు చెబుతారు. ఇక్కడికి ఏ మాట వచ్చినా తెలుగులో వస్తుంది. ప్రభుత్వం తెలుగులో వచ్చింది, బడి తెలుగులో వచ్చింది, కోర్టు కాగితం తెలుగులో వచ్చింది. సువార్త కూడా ఎక్కువగా తెలుగులోనే వచ్చింది. వచ్చిన ప్రతిసారీ జనం తల ఊపారు. తల ఊపడానికీ అర్థం కావడానికీ మధ్య ఎంత దూరముందో లుస్త్ర కథ చెబుతుంది.

ఈ కొండలకు సువార్త రెండు వైపుల నుంచి ఎక్కింది. తూర్పున సముద్రం వైపు నుంచి చూస్తే, 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు దేశంలో ప్రొటెస్టెంటు మిషను పనికి అది మొదలు. అయిదేళ్ళు గడిచేసరికి ఇద్దరూ చనిపోయారు. వాళ్ళు ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి సాయంతో తర్జుమా చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఇంకో వైపు నుంచి, జర్మనీ ఉత్తరాన బ్రెక్లుం అనే చిన్న ఊరి నుంచి లూథరన్ మిషనరీలు 1882లో వచ్చి కొరాపుట్, సాలూరు, జయపూర్ ప్రాంతాల్లో పని పెట్టుకున్నారు. ఇప్పటి జయపూర్ ఇవాంజెలికల్ లూథరన్ సంఘం వాళ్ళు నాటిన మొక్కే. ఆ తర్వాత బాప్టిస్టులు, కతోలికులు, పెంతెకొస్తు వాళ్ళు, ఏ పేరూ లేని చిన్న చిన్న సంఘాల వాళ్ళు ఎందరో వచ్చారు. అయితే ఊరి నుంచి ఊరికి ఈ విశ్వాసాన్ని మోసింది ఎక్కువగా చుట్టరికమే. పెళ్ళయి వచ్చిన కోడలు, కూలికి వెళ్ళివచ్చిన అల్లుడు, హాస్టల్లో చదువుకున్న కుర్రాడు.

నన్ను పిలిచింది కూడా అలాంటి కుర్రాడే. విశాఖలో నా దగ్గర చదువుకున్నాడు. కిలగాడ వైపు వెళ్ళే దారిలో దిగి, రోడ్డు వదిలి, గెడ్డ దాటి నడిస్తే వాళ్ళ ఊరు వస్తుంది. ఊరి పేరు రాయను. "సార్, మావాళ్ళకి కార్యముల పుస్తకం మీద కొన్ని ప్రశ్నలున్నాయి, మీరే వచ్చి చెప్పాలి" అన్నాడు. చెప్పడానికి వెళ్ళిన మాట నిజమే. విన్నది మాత్రం ఎక్కువ.

అక్కడ గుడి లేదు. కూడిక జరిగేది ఒక ఇంట్లో. మట్టిగోడల పెద్ద ఇల్లు. మధ్య గోడ తీసేసి రెండు గదుల్ని ఒకటి చేశారు. పేడతో అలికిన నేల మీద చాపలు. మూలన చోళ్ళ బస్తాలు, దూలానికి వేలాడుతున్న మొక్కజొన్న కంకులు. "అందరూ రేకుల చర్చి కడుతున్నారు, మాకే లేదు" అని ఒకావిడ కాస్త చిన్నబుచ్చుకుంటూ అంది. నాకు యూఫ్రటీసు ఒడ్డున దూరా-యూరోపొస్ గుర్తొచ్చింది. సిరియాలో ఇసుక కింద కప్పబడి పోయి, గత శతాబ్దంలో తవ్వకాల్లో బయటపడిన పట్టణమది. మూడో శతాబ్దం నాటి సంఘ గృహం అక్కడ దొరికింది. అది మామూలు ఇల్లే. రెండు గదుల మధ్య గోడ పడగొట్టి డెబ్బై మంది దాకా కూర్చునే హాలు చేసుకున్నారు, ఇంకో గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టుకున్నారు. మనకు దొరికిన అతి పాత ఆరాధన స్థలాల్లో అదొకటి. ఈ సంగతి చెబితే ఆ ఇంటి ఇల్లాలు లేచి, తీసేసిన గోడ ఉన్న చోటు నాకు చూపించింది.

ఏజెన్సీలో ఇంటి సంఘం ఉండడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టిపరిచారు. జనం నోట అది వన్ ఆఫ్ సెవెంటీ. దాని ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. మైదానం నుంచి వచ్చిన బోధకుడు కానీ, అక్కడ రిజిస్టరయిన సంస్థ కానీ ఇక్కడ స్థలం కొని తమ పేర గుడి కట్టుకోవడానికి వీల్లేదు. దీన్ని సేవకు అడ్డంకి అని బాధపడేవాళ్ళను చూశాను. నేను ఆ మాట ఒప్పుకోను. ఆదివాసీ నేలను కాపాడిన చట్టమే ఆదివాసీ సంఘాన్ని కూడా కాపాడింది. ఇక్కడ సంఘం నిలబడాలంటే ఇక్కడి మనిషి ఇంట్లోనే నిలబడాలి. మొదటి మూడు వందల ఏళ్ళూ సంఘం పెరిగింది ఇలాగే. అకుల, ప్రిస్కిల్లల ఇల్లు, ఫిలేమోను ఇల్లు, నుంఫా ఇల్లు. పౌలు ఉత్తరాల్లో వందనాలు వెళ్ళింది కట్టడాలకు కాదు, ఇళ్ళకు.

పాటలు తెలుగులో పాడారు. మైదానంలో అన్ని సంఘాల్లోనూ వినిపించేవే. గొంతులు బాగున్నాయి, కానీ ముఖాల్లో కదలిక లేదు. తర్వాత ఒక పెద్దావిడ ఆదివాసీ ఒడియాలో ప్రార్థన మొదలుపెట్టింది. ఒక్క నిమిషంలో గదంతా మారిపోయింది. పక్కనున్న పిల్లలు కూడా గొంతు కలిపారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. నా శిష్యుడు చెవి దగ్గర చెప్పాడు: చోళ్ళు ఇంటికి చేరినందుకు, మనవడికి జ్వరం తగ్గినందుకు, ఎగువ ఊరితో గట్టు తగాదా తీరినందుకు ఆమె దేవునికి కృతజ్ఞతలు చెబుతోందట. లుస్త్రలో పౌలు చెప్పిన చిన్న బోధ కూడా ఇలాగే ఉంటుంది. యూదుల సమాజమందిరంలో అయితే అబ్రాహాముతోనో దావీదుతోనో మొదలుపెట్టేవాడు. లుస్త్రలో లేఖనం ఒక్కటి కూడా ఎత్తలేదు. ఆకాశం నుంచి వానలు, పంటకాలాలు, కడుపుకు అన్నం, గుండెకు సంతోషం ఇచ్చినవాడి గురించి చెప్పాడు. ఎదుటివాడికి తెలిసిన మేలు దగ్గర మొదలుపెట్టాడు. మన బోధకుల్లో చాలామంది కొండకు వచ్చి విశాఖలో చెప్పిన ప్రసంగాన్నే మళ్ళీ చెప్పి దిగిపోతారు. అరకు లోయలో ఆదివాసీ ఒడియాను తెలుగు లిపిలో రాసి, దాని మీదుగా పెద్దవాళ్ళకు తెలుగు చదువు నేర్పిన భాషావేత్తలున్నారు. అలాంటి ఓపిక వందమంది ప్రసంగికుల రాకకన్నా విలువైనది.

కూడిక అయ్యాక ప్రశ్నలు వచ్చాయి. ఊళ్ళో అందరూ గౌరవించే పెద్దాయన ముందుకు జరిగి కూర్చున్నాడు.

"మాకు ఒక్కొక్కలు ఒక్కో మాట చెప్తారు బాబూ. ఒకాయనొచ్చి థింసా ఆడితే నరకమన్నాడు. ఇంకొకాయన ఆడోళ్ళు ముక్కుకమ్మి తీసెయ్యాలన్నాడు. మరొకాయన పంది మాంసం తినొద్దన్నాడు. అందరూ పుస్తకంలో ఉందనే అంటారు. నువ్వు పుస్తకం చదువుకున్నోడివి. ఏముందో చదివి చెప్పు."

నేను పదిహేనో అధ్యాయం తీశాను. క్రీస్తు శకం 49 ప్రాంతంలో యెరూషలేములో జరిగిన సభ అది. అంతియొకయలో యూదులు కానివాళ్ళు గుంపులుగా నమ్మారు. యూదయ నుంచి కొందరు వెళ్ళి, సున్నతి చేయించుకుంటే తప్ప రక్షణ లేదన్నారు. ఆ ఆచారంలోనే పుట్టి పెరిగినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ ఉద్దేశం చెడ్డది కాదు, దేవుడు తమకిచ్చిన ధర్మశాస్త్రమే అది. పెద్ద వాదం జరిగింది. పేతురు లేచి, మన పితరులూ మనమూ మోయలేని కాడిని ఈ శిష్యుల మెడమీద ఎందుకు పెడతారని అడిగాడు. చివరికి యాకోబు తీర్పు చెప్పాడు. దేవునివైపు తిరుగుతున్నవాళ్ళను ఇబ్బంది పెట్టొద్దు. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినది, జారత్వం, ఈ నాలుగూ మానితే చాలు. సభ ఉత్తరం రాసి పంపింది. అది చదివి అంతియొకయ వాళ్ళు సంతోషించారు.

నా మాటను కుర్రాడు వాళ్ళ భాషలోకి తిప్పుతున్నాడు. పెద్దాయన వేళ్ళమీద లెక్కపెట్టుకుంటున్నాడు. అంతా అయ్యాక మెల్లిగా అన్నాడు: "ఇందులో ముక్కుకమ్మి లేదు. థింసా లేదు."

లేదు. ఆ ఉత్తరం సారమంతా అక్కడే ఉంది. గ్రీకువాడు యూదుడు కాకుండానే క్రీస్తువాడు కావచ్చని తొలి సంఘం తేల్చింది. ఆ తీర్పు రాకపోతే మనలో ఎవరమూ ఈ బల్ల దగ్గర ఉండేవాళ్ళం కాదు. అంత పెద్ద మేలు పొందిన మైదానపు సంఘం, కొండ మనిషి క్రీస్తువాడు కావడానికి ముందు మైదానపువాడు కావాలని అడుగుతోంది. తెల్లచీర కట్టుకోవాలి, మనలా పాడాలి, మనలా మైకు పెట్టాలి, డప్పు మాని కీబోర్డు పట్టాలి. వీటిలో ఏ ఒక్కటీ సువార్తలో భాగం కాదు. థింసాలో మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఒకరి నడుము వెనక ఒకరు చెయ్యి వేసుకుని వలయంగా కదులుతారు, కోత అయిన సంతోషానికి, పెళ్ళికి, పండక్కి. తాగి ఆడే చోటు వదలమంటే అర్థముంది. ఆటనే వదలమంటే ఆ ఊరి సంతోషం వదలమన్నట్టే.

అన్నీ ఇంత తేలిగ్గా తేలవు. చైత్రంలో వచ్చే ఇటుకల పండక్కి ఊరంతా చందా వేస్తుంది. ఊరి దేవతకు కోడి, మేక కోస్తారు. మాంసం ఇంటింటికీ పంచుతారు. విశ్వాసి ఇల్లు వాటా తీసుకోవాలా, తిప్పిపంపాలా? తిప్పిపంపితే ఊరితో తెగిపోతుంది. తీసుకుంటే కొత్తగా నమ్మినవాడి మనసు కలవరపడుతుంది. కొరింథులో కూడా సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. పౌలు ఒక్క మాటతో కొట్టేయలేదు, తన మొదటి ఉత్తరంలో మూడు అధ్యాయాలు దానికోసం ఖర్చుపెట్టాడు. కటికవాడి అంగట్లో అమ్మేది అడక్కుండా తినమన్నాడు. పిలిచినవాడి ఇంట్లో పెట్టింది తినమన్నాడు. ఇది అర్పించింది అని ఒకడు నోరు తెరిచి చెబితే, వాడి మనస్సాక్షి కోసం మానమన్నాడు. విగ్రహపు బల్ల దగ్గర మాత్రం కూర్చోవద్దన్నాడు. దీన్ని తమ ఊరికి ఎలా అన్వయించుకోవాలో ఊరి విశ్వాసులే కూర్చుని తేల్చుకోవాలని నేను చెప్పాను. వాళ్ళు ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నారు. పండగ రోజు దేవత దగ్గరికి వెళ్ళకూడదని, ఊరి బాట బాగుచేసే చందా, తాగునీటి చందా మాత్రం అందరికంటే ముందు కట్టాలని అనుకున్నారు. నేను చెప్పగలిగిన దానికన్నా అది మంచి తీర్పు.

కొండ సంఘంలో నన్ను అన్నిటికన్నా కదిలించింది భోజనం. కూడిక అయ్యాక అందరూ ఒకచోట తింటారు. చోడి అంబలి, సామన్నం, చిక్కుడుగింజల కూర, అడ్డాకుల విస్తళ్ళు. మామూలు భోజనమే కదా అనిపించవచ్చు. ఈ కొండల్లో అది మామూలు సంగతి కాదు. ఒక తెగ చేతి నీళ్ళు మరో తెగ తాగని అలవాటు తరతరాలుగా ఉంది. బడిలో పక్కపక్కన కూర్చున్న పిల్లలు ఇళ్ళకు వెళ్ళేసరికి వాకిట్లోనే ఆగిపోతారు. ఈ ఇంట్లో మూడు తెగలవాళ్ళు కూర్చున్నారు. వడ్డించిన ఆవిడ ఏ ఇంటి ఆడపడుచో అందరికీ తెలుసు. ఆమె చేతి అంబలి అందరూ తాగారు. "మొదట్లో నేను కూడా తాగలేకపోయాను" అని ఒకాయన నిజం చెప్పాడు. "ఆదివారం వచ్చేవాడిని, తిండి వేళకు పొలం పనుందని వెళ్ళిపోయేవాడిని. ఇలా రెండేళ్ళు."

ఆయన చేసిన పని పేతురు కూడా చేశాడు. అంతియొకయలో యూదులు కానివాళ్ళతో కలిసి తినేవాడు. యెరూషలేము నుంచి మనుషులు రాగానే వెనక్కి తగ్గి పక్కకు కూర్చున్నాడు. బర్నబా అంతటివాడు కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడని పౌలు గలతీయులకు రాశాడు. పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. సంఘానికి మూలస్తంభం అనిపించుకున్న మనిషిని, కేవలం ఏ బల్ల దగ్గర తిన్నాడనే సంగతి మీద! ఎందుకంటే సువార్త అంతా ఆ బల్ల దగ్గరే నిలబడుతుంది లేదా కూలుతుంది. కొరింథులో కలిగినవాళ్ళు ముందే వచ్చి కడుపునిండా తిని తాగితే, పని ముగించుకుని ఆలస్యంగా వచ్చిన కూలివాళ్ళు ఆకలితో మిగిలారు. ఇది ప్రభువు భోజనం కాదని పౌలు తేల్చి చెప్పాడు. తెలుగు దేశంలో మాలలకో గుడి, మాదిగలకో గుడి ఇంకా ఉన్న ఊళ్ళు నేను చూశాను. ఒకే ఊళ్ళో రెండు సమాధుల తోటలు కూడా చూశాను. మైదానం కొండకు బోధకులను పంపుతోంది. ఈ ఒక్క పాఠం నేర్చుకోవడానికైనా కొండ నుంచి మైదానానికి బోధకులు దిగాలి.

మర్నాడు పొద్దున్నే ఎగువ ఊరి నుంచి డోలీ వచ్చింది. పురిటి నొప్పులతో ఉన్న అమ్మాయి. వాళ్ళు విశ్వాసులు కారు. ఈ ఊళ్ళో ముందు భుజం మార్చుకున్నది మాత్రం నిన్న అంబలి తాగినవాళ్ళే. కర్రకు కట్టిన దుప్పటిలో మనిషిని మోసుకుని, గెడ్డ దాటి, రోడ్డు దాకా పరుగులాంటి నడక. అక్కడి నుంచి వాహనంలో ఆసుపత్రికి. ఈ మండలంలో రోడ్డు లేని ఊళ్ళకు ఇది అలవాటైన కష్టం, ప్రభుత్వాలు సిగ్గుపడాల్సిన కష్టం.

ఇలా పరాయివాళ్ళ కోసం భుజం పెట్టడం తొలి సంఘానికీ అలవాటే. మూడో శతాబ్దం నడుమ రోమా సామ్రాజ్యాన్ని పెద్ద తెగులు పట్టింది. అలెగ్జాండ్రియా బిషప్పు దియొనీసియస్ అప్పటి సంగతి రాశాడు. జనం రోగం వచ్చిన సొంతవాళ్ళను కూడా వీధిలోకి తోసేశారు. విశ్వాసులు రోగుల పక్కన కూర్చుని, నీళ్ళు పట్టి, అదే రోగం అంటుకుని వాళ్ళతోపాటు చనిపోయారు. ఇంకో వందేళ్ళకు జూలియన్ చక్రవర్తి పాత దేవతల పూజను మళ్ళీ నిలబెట్టాలని చూశాడు. క్రీస్తు మతమంటే ఆయనకు గిట్టదు. 362లో గలతీయలోని తన ప్రధాన పూజారికి రాస్తూ, ఈ గలిలయులు తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారని, మనం సిగ్గుపడాలని మొత్తుకున్నాడు. విరోధి ఇచ్చిన సాక్ష్యం అది. సంఘం గురించి మన సంవత్సర నివేదికలు చెప్పేదానికన్నా, డోలీ మోయించుకున్న ఎగువ ఊరివాళ్ళు ఏం చెబుతారో అదే లెక్క.

స్వస్థత విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రార్థన ఉంటే మందు అక్కర్లేదని చెప్పే బోధ ఈ కొండల్లో తిరుగుతోంది. మలేరియా ఉన్న చోట ఆ బోధ మనుషుల్ని చంపుతుంది. లూకా వైద్యుడు, పౌలుతో నడిచినవాడు. తిమోతికి కడుపు బాగాలేకపోతే పౌలు చెప్పింది కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని. నది అవతల లమ్‌తాపుట్‌లో ఆశాకిరణ్ ఆసుపత్రి నడుపుతున్న క్రైస్తవ వైద్యులు రాత్రి పగలు చేసేది కూడా ప్రార్థనలో భాగమే. మందు మానమన్న బోధకుణ్ణి సంఘ పెద్దలు గడప దాటనివ్వకూడదు.

ఇంకో చోట మన సంఘాలు వెనకాడుతున్నాయి. గంజాయి. డబ్బు పెట్టేవాడు, కొనేవాడు ఎక్కడో ఉంటాడు. బస్తా మోసిన కొండ కుర్రాడు పట్టుబడతాడు. విశాఖ సెంట్రల్ జైలులో ఆ కేసుల కింద ఉన్న ఆదివాసీ కుర్రాళ్ళు ఎందరో. వాళ్ళ తల్లులకు జైలు ఎక్కడుందో తెలియదు, వకీలు మాట అర్థం కాదు. ఆ ఊళ్ళో ఒక తల్లి నన్ను అడిగింది కూడా ప్రార్థన కాదు, ములాఖత్‌కు ఏ కాగితాలు కావాలని. 155 ప్రాంతంలో రోమాలో జస్టిన్ అనే విశ్వాసి చక్రవర్తికి రాసిన విన్నపంలో ఆదివారం కూడిక గురించి చెప్పాడు. లేఖనాలు చదువుతారు, రొట్టె పంచుకుంటారు, కలిగినవాళ్ళు ఇష్టమొచ్చినంత ఇస్తారు. ఆ సొమ్ము అనాథలకు, విధవరాళ్ళకు, రోగులకు, సంకెళ్ళలో ఉన్నవాళ్ళకు, ఊరుకాని ఊరు వచ్చినవాళ్ళకు పోతుంది. ఆ లెక్కలో గుడి లేదు, సౌండు బాక్సు లేదు. విశాఖలోని సంఘాలు తలచుకుంటే ఒక వకీలును, ఆదివాసీ ఒడియా తెలిసిన ఒక మనిషిని ఆ జైలు కోసం పెట్టలేవా?

ఈ ఊరి సంఘానికి పాస్టరు గారు ఉన్నారు. రెండెకరాల కాఫీ, కొంచెం పసుపు, రెండు ఆవులు. వారమంతా పొలం, ఆదివారం వాక్యం. మైదానం నుంచి ఒక సంస్థ నెలకు జీతం ఇస్తామని వచ్చిందట. ఫొటోలు, బాప్తిస్మాల లెక్క నెలనెలా పంపాలన్నారట. "వద్దన్నాను సార్" అన్నాడాయన. "జీతం తీసుకుంటే ఈ ఊరోళ్ళు నన్ను వాళ్ళ మనిషి అంటారు. ఇప్పుడు మా మనిషి అంటున్నారు."

పౌలు కొరింథులో డేరాలు కుట్టి బతికాడు. ఎఫెసు పెద్దలతో విడిపోయేటప్పుడు తన చేతులు చూపించి, ఇవే నాకూ నాతో ఉన్నవాళ్ళకూ అన్నం పెట్టాయన్నాడు. పనిచేసేవాడు జీతానికి పాత్రుడని కూడా తొలి సంఘానికి తెలుసు, అయితే ఆ అన్నం బోధ విన్న ఊరే పెట్టాలి. దిదాఖే అనే చిన్న పుస్తకం ఒకటుంది. అపొస్తలుల కాలానికి దగ్గరలో పుట్టింది, శతాబ్దాలపాటు కనబడకుండా పోయి 1873లో కాన్‌స్టాంటినోపుల్లో దొరికింది. తిరుగుతూ వచ్చే బోధకుల గురించి అందులో నియమాలున్నాయి. వచ్చినవాణ్ణి ప్రభువులా చేర్చుకోండి. ఒక రోజు ఉండొచ్చు, అవసరమైతే రెండు. మూడో రోజు కూడా ఉంటే వాడు అబద్ధ ప్రవక్త. వెళ్ళేటప్పుడు తర్వాతి మజిలీ వరకు రొట్టె ఇవ్వండి, డబ్బు అడిగితే వాడు అబద్ధ ప్రవక్త. స్థిరపడతానంటే పని చేసుకుని తిననివ్వండి. పల్లె సంఘాలు ఎంత మోసపోయి ఉంటే ఇంత సూటిగా రాసుకున్నాయో! ముంచింగిపుట్టులో ఈ మాటలు చెబితే అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

లుస్త్రలో పౌలును రాళ్ళతో కొట్టి, చచ్చాడనుకుని ఊరవతల పడేశారు. కొంత కాలానికి అతను అదే ఊరికి తిరిగి వచ్చాడు. వచ్చి ప్రతి సంఘంలోనూ పెద్దలను ఏర్పరచి, ఉపవాసముండి ప్రార్థన చేసి, వాళ్ళను ప్రభువుకు అప్పగించి వెళ్ళిపోయాడు. ఆ విశ్వాసులకు అప్పటికి ఎన్ని నెలలు? చదువు ఎంత? నిన్న మొన్నటి దాకా ఎడ్లను బలికి తోలుకొచ్చిన జనంలోంచే పెద్దలు లేచారు. ఆ ఊరి నుంచే తర్వాత తిమోతి వచ్చాడు. మనం కొండ సంఘాలకు తరం గడిచినా పెత్తనం అప్పగించం. వీళ్ళకింకా తెలియదంటాం.

మన నేల మీద కూడా దీనికి సాక్ష్యాలున్నాయి. ఒంగోలు ప్రాంతంలో యెర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ళ పనివాడు, చదువు లేదు. 1866లో బాప్తిస్మం తీసుకుని, జాన్ క్లౌ దొర ఒంగోలులో సరిగ్గా కుదురుకోకముందే చుట్టాల ఊళ్ళన్నీ తిరిగి చెప్పాడు. 1878లో గుండ్లకమ్మలో ఒక్క రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారంటే, ఆ పల్లెలకు ముందు వెళ్ళిన కాళ్ళు పేరయ్యలాంటివాళ్ళవి. 1912లో దోర్నకల్ బిషప్పయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న మనిషి. బాప్తిస్మం తీసుకున్న పల్లెవాళ్ళ చేత తమ చేతులు తమ తలమీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాట పలికించేవాడు. అక్షరం రాని కూలివాడు ఆ క్షణం నుంచే సువార్తికుడు.

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఆ ఊళ్ళో సంఘాన్ని మొదలుపెట్టింది ఆదివాసీ ఒడియాలో ప్రార్థన చేసిన ఆ పెద్దావిడే. పెళ్ళయి వచ్చినప్పుడు పాటలు తెచ్చుకుందట. ఇప్పుడు వయసొచ్చిన మగవాళ్ళ కమిటీ ఉంది, ఆమె పేరు అందులో లేదు. 112 ప్రాంతంలో బితూనియ గవర్నరు ప్లినీ, చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరంలో, ఈ మతం పట్టణాలే కాదు పల్లెలకు, పొలాలకు కూడా పాకిందని ఫిర్యాదు చేశాడు. నిజం రాబట్టడానికి ఇద్దరు దాసీలను హింస పెట్టానని రాశాడు. విశ్వాసులు వాళ్ళను పరిచారకులు అనేవారట. రోమా అధికారి సంఘం గురించి తెలుసుకోవాలనుకుంటే వెతికి పట్టుకున్నది బానిస ఆడవాళ్ళను. పెద్దావిడ పేరు కమిటీలో చేర్చమని నేను పాస్టరు గారికి చెప్పాను. అది మా వాళ్ళతో మాట్లాడాలి అన్నాడు.

భయం కూడా ఉంది. 2008లో కంధమాల్‌లో ఇళ్ళు, గుళ్ళు తగలబడిన సంగతి ఇక్కడివాళ్ళకు పత్రికల్లో చదివిన వార్త కాదు, ఒడిశా వైపు చుట్టాలున్నవాళ్ళు చాలామంది. మతం మారితే ఎస్టీ హోదా పోతుందని బెదిరించేవాళ్ళు ఊళ్ళలో తిరుగుతున్నారు. ఇప్పటి చట్టం ప్రకారం అది నిజం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో మతం షరతు ఉన్నది షెడ్యూల్డు కులాలకు, తెగలకు కాదు. ఈ సంగతి ప్రతి కొండ సంఘంలో చదివి వినిపించాలి. అలాగే ఊరి దేవతను, ఊరి పెద్దలను తూలనాడే బోధకుణ్ణి కూడా సంఘం అక్కడికక్కడే ఆపాలి. ఎఫెసులో అల్లరి జరిగినప్పుడు పట్టణపు కరణమే లేచి, ఈ మనుషులు మన దేవతను దూషించలేదని సాక్ష్యమిచ్చాడు. ముంచింగిపుట్టులో రేపు ఏదైనా గొడవ వస్తే ఊరి నాయుడు మనవాళ్ళ గురించి ఆ మాట అనగలగాలి.

విశాఖ, విజయనగరం, రాజమండ్రి సంఘాల పెద్దలకు నా విన్నపం. ఈ క్రిస్మసుకు దుప్పట్లు పంచి ఫొటో తీసుకుని దిగిపోయే యాత్రలు మానండి. వెళ్ళాలనుకుంటే పదిమందిని కాదు, ఇద్దరిని పంపండి. ముందు ఆదివాసీ ఒడియాయో కువియో నేర్చుకోమనండి, ఏడాది పట్టినా సరే. ఊళ్ళో పెట్టిందే తినమనండి. పాడేరులో ఒక గది అద్దెకు తీసుకుని, విశాఖ ఆసుపత్రికో జైలుకో కోర్టుకో దిగే కొండవాళ్ళకు రాత్రి తలదాచుకునే చోటు, తోడు వచ్చే మనిషి ఉండేలా చూడండి. మీ పేరు రాసిన బోర్డు ఏ ఊళ్ళోనూ పెట్టకండి. బాప్తిస్మాల లెక్క అడక్కండి, ఆ ఊరి సంఘ పెద్దలు ఎవరని అడగండి. వాళ్ళు ఆ ఊరివాళ్ళే అయితే, ఇక మీరు దిగి రావచ్చు.